అగ్గిపెట్టె సారు

ఊళ్లో నాకిప్పుడు రెండు పేర్లు. ఎదురుపడితే కెమిస్ట్రీ సారు, నాలుగడుగులు దాటాక అగ్గిపెట్టె సారు. రెండోది నా స్వార్జితం. దాని కథ ఎవరి నోటో మీరు వినేకంటే నేనే చెప్పేయడం మేలు. ఊరివాళ్ల లెక్కలో కాలిన చెట్లు ఇప్పటికే ఏడు నుంచి పద్నాలుగయ్యాయి.

ముందు నా తెలివి సంగతి చెప్పాలి. అది తెలిస్తేగాని తెలివితక్కువతనం లోతు అందదు. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. హైదరాబాదులో మేముండే కాలనీలో శివరాత్రి దాటాక ఒకటే ఆకులు రాలతాయి. ఊడ్చేవాళ్లు వాటిని గోడవారకు నెట్టి, కుప్ప చేసి అంటించేవాళ్లు. నేను చూస్తూ ఊరుకునే రకం కాదు. అల్మిత్రా పటేల్ కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న ఇచ్చిన ఉత్తర్వు ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించాను. చెత్తను ఆరుబయట కాల్చడం దేశమంతటా నిషేధమనీ, మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 అనీ ఉన్నచోట ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. అంతటితో ఆగానా? మంటను ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాను. ఆకులు ఊడ్చే ఒకామెకు ఆ పూట కూలి కోసేశారని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. ‘రూలు రూలే కదయ్యా’ అన్నాను. అలా అన్నందుకు ఆ రోజు నాకు నామీద ఎంత గౌరవం కలిగిందో!

ఇక పొలం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మా నాన్న పంచి ఇచ్చిన మూడెకరాలున్నాయి. చాలాకాలం కౌలుకిచ్చాం. కౌలుదారు ఇక తనవల్ల కాదన్నాక, రిటైరైన ఉత్సాహంలో నేనే దిగాను. దిగడమంటే ఫోన్లో దిగడమే. నాట్లకోసారి, కోతకోసారి కనిపించి మిగతాదంతా ఫోన్‌పేలో నడిపించేవాణ్ని. మావైపు నాలాంటివాళ్లను ఐతారం రైతులని వెక్కిరిస్తారు.

2025 యాసంగి కోత ఏప్రిల్‌లో అయింది. కొడవళ్లతో కోసే రోజుల్లో పొలానికి నిప్పు పెట్టే ప్రసక్తే లేదు. మొదలంటా కోసి, పనలు కట్టి, కళ్లంలో కొట్టి, గడ్డిని వామి వేసేవాళ్లు. ఎడ్లకూ బర్లకూ ఏడాది మేత అదే. ఇప్పటి కోత మిషన్ అంత కిందికి వంగదు. జానెడుకు పైగా కొయ్యకాలు వదిలేసి, తాలూ గడ్డీ వెనకనుంచి వరసలుగా పోసుకుంటూ పోతుంది. ఆ గడ్డి మీద ట్రాక్టరు దింపితే రోటవేటర్ బ్లేడ్లకు చుట్టుకుని డ్రైవర్ తిట్టుకుంటాడు. దానికి ఉపాయం గడ్డి కట్టలు కట్టే మిషన్. దాని ఓనరుకు ఫోన్ చేస్తే, ‘మీ ఊర్లనే ఇంకా నలుగురున్నరు సారూ, మీ నంబరు వచ్చేసరికి వారం పడ్తది’ అన్నాడు. ఇంకో ఉపాయం మా వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) అమ్మాయి రైతువేదికలో చెప్పింది. మడికి నీళ్లు పెట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నితే కొయ్యకాలు మురిగి ఎరువవుతుందట. ఎట్టి పరిస్థితిలోనూ కాల్చొద్దని కూడా చెప్పింది. ఆ మీటింగులో నేను ముందువరస కుర్చీలో ఉన్నాను. కర్బన నత్రజనుల నిష్పత్తి గురించి ఆ పిల్లకే నాలుగు ముక్కలు చెప్పి, చాయ్ తాగి వచ్చాను.

వారం ఆగితే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. పంజాబు రైతుకు వరి కోతకూ గోధుమ విత్తుకూ నడుమ దొరికేది మహా అయితే మూడు వారాలు. వాళ్ల తొందరలో అర్థముంది. మాకు యాసంగి కోత అయ్యాక వానకాలం నాట్ల దాకా రెండు నెలల పైచిలుకే ఉంటుంది. కాలువ నీళ్లు లేటయితే ఇంకా ఎక్కువ. ఆ భూమికి ఏ తొందరా లేదు. తొందర నాది. సాయంత్రం అయిదింటికి హైదరాబాదు బస్సుంది.

మరి రూలు? నా చదువు పనికొచ్చింది అక్కడే. అప్పుడు అమల్లో ఉన్న 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లో, తన చెత్తను వీధుల్లోగాని, తన ఆవరణ బయట బహిరంగ స్థలాల్లోగాని, కాలువల్లోగాని ఎవరూ వేయరాదు, కాల్చరాదు, పూడ్చరాదు అని ఉంది. ‘తన ఆవరణ బయట’ అన్న ముక్క పట్టుకున్నాను. ఇది నా ఆవరణ, పట్టా పాసుపుస్తకం బీరువాలో ఉంది. సరే, హరిత ట్రిబ్యునల్ మాటేమిటి? అది చెత్త గురించి, గడ్డి చెత్తెలా అవుతుంది? అదే ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో పంట వ్యర్థాల మీద విడిగా జరిమానాలు పెట్టింది. రెండెకరాల లోపు 2,500, అయిదెకరాల దాకా 5,000, ఆపైన 15,000. 2024 నవంబరులో కేంద్రం వాటిని రెట్టింపు చేసింది. అంటే నా మూడెకరాలు పంజాబులో ఉంటే 10,000 కట్టాలి. కానీ అదంతా ఢిల్లీ పొగ గొడవ, మన జిల్లాకు ఏం సంబంధం? 1981 నాటి గాలి చట్టం ప్రకారం కాల్చడాన్ని నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉందని తెలుసు. మా మండలం పేరెత్తి నిషేధించిన కాగితం నా కంటపడలేదు. కంటపడాలని వెతికితే కదా! ఆకులు ఊడ్చే మనిషి విషయంలో చట్టంలోని ప్రతి అక్షరమూ నాకు నిషేధంగానే కనిపించింది. నా గడ్డి దగ్గరికొచ్చేసరికి అవే అక్షరాల నడుమ ఎక్కడ సందుందా అని చూశాను. వకీలుకు ఫీజిచ్చినా ఇంత బాగా వాదించేవాడు కాదు.

ఊళ్లో అందరూ కాలుస్తున్నారు కదా అన్నది నా ఆఖరి వాదన. నిజమే, కాలుస్తారు. వేసవి సాయంత్రాల్లో కాలువ కట్టెక్కి చూస్తే నాలుగు దిక్కులా పొగే. అది ఒప్పని నేననను. ఆ మంటల్లో చిక్కుకుని పెద్దవయసు రైతులు చనిపోయిన వార్తలు ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. కానీ అందరూ కాలుస్తున్నారు అన్నానే తప్ప, ఎలా కాలుస్తున్నారో నేను ఏనాడూ గమనించలేదు. రాతలో ఉన్న రూలుకు ఊరు అడ్డం తిరిగిన మాట వాస్తవం. రాతలో లేని రూళ్లు కొన్ని మాత్రం ఊరు తప్పకుండా పాటిస్తుంది. పొద్దు గూకి గాలి పడ్డాకే అగ్గి ముట్టిస్తారు. అంతకుముందే గట్ల వెంట చుట్టూరా రెండు మూడు సాళ్లు దున్ని నల్లమట్టి పైకి తీస్తారు. గాలి ఎటు పోతోందో ఆ చివర మొదలుపెట్టి మంటను గాలికి ఎదురు నడిపిస్తారు. అలా అయితే నెమ్మదిగా, నిలబడి చూడగలిగినంత ఎత్తులోనే కాలుతుంది. తడిపిన గోనెసంచులు పట్టుకుని ఇద్దరు ముగ్గురు కాపలా ఉంటారు. అన్నిటికంటే ముందు పక్క చేలవాళ్లకు చెబుతారు. ఎవరి వామి ఉందో, ఎవరి పైపులు పరిచి ఉన్నాయో వాళ్లు వచ్చి తీసుకుంటారు. ఇవేవీ ఏ జీవోలోనూ లేవు. ఇందులో నేను ఒక్కటీ పాటించలేదు. చట్టాన్ని సందులు వెతికి తప్పాను, ఆనవాయితీని తెలియక తప్పాను.

మధ్యాహ్నం మూడు. పడమటి గాలి వీస్తోంది. గాలి వాటున పెడితే బస్సు వేళకు మొత్తం అయిపోతుందన్న లెక్కతో పడమటి గట్టు నుంచే మొదలుపెట్టాను. గడ్డి అప్పటికే పెళపెళమంటోంది. ఒక అగ్గిపుల్ల చాలు. నేను మాత్రం అక్కడున్న బైకులోంచి పైపు లాగి, లీటరు నీళ్ల సీసాలో పెట్రోలు పట్టి, గట్టు పొడుగునా చిలకరించుకుంటూ పోయాను. తర్వాత తీరిగ్గా వెనక్కి నడిచొచ్చి, వంగి పుల్ల గీశాను. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సున్నాకు నలభై డిగ్రీలు దిగువన ఉంటుందనీ, మండేది ద్రవం కాదు దాని ఆవిరి అనీ, ఎండలో ఆ ఆవిరి నేలబారుగా పాకి మన కాళ్ల దాకా వస్తుందనీ కొన్ని వందలమంది పిల్లలకు చెప్పినవాణ్ని. పరీక్షలో ఇచ్చి మార్కులు కూడా వేశాను. పుల్ల గడ్డిని తాకకముందే ‘భుగ్గు’మంది. కనుబొమలు, మీసంలో ఎడమ సగం పోయాయి. వెల్లకిలా పడ్డాను కాబట్టి ముఖం మిగిలింది.

లేచేసరికి మంట మడి సగం దాటేసింది. నేను పరుగెత్తేకంటే వేగంగా తూర్పుకు పోతోంది. తూర్పు గట్టు మీద ఏడు తాటిచెట్లున్నాయి. ఆ చెట్ల సంగతి నాకు గుర్తే లేదు. ఉన్నాయని తెలుసు, అడ్డమని గుర్తు లేదు. తాటిచెట్టుకు కింద వేలాడే ఎండు కమ్మలే దాని ప్రాణానికి ముప్పు. గట్టు మీది గడ్డి అంటుకుంది, అక్కణ్నించి మొదటి చెట్టు కమ్మలు అంటుకున్నాయి. ఒక్కో కమ్మ తెగి గాలిలో మండుకుంటూ పోయి పక్కచెట్టు మీద పడింది. ఎండాకాలం తాటిచెట్లు బాగా పారే రోజులు. పైన గెలలకు లొట్లు కట్టి ఉన్నాయి. అవి ఒక్కొక్కటే పగిలి, కాగిన కల్లు మొద్దుల వెంట బుసబుసమని నురుగుతో కారింది. ఆ వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

బోరు వేసి నీళ్లు కొడదామంటే స్టార్టరు డబ్బా తాళంచెవి హైదరాబాదులో, మా ఇంట్లో, దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతోంది. కాలువకు అప్పటికే నీళ్లు బంద్ చేశారు. చేతిలో ఫోనుంది. 101కి కొడితే ‘ఎవరు పెట్టారు మంట?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జడిసి ఫోన్ చేయలేదు. ఈ మొత్తం కథలో పెట్రోలు గురించీ, మీసం గురించీ నవ్వుతూ చెప్పగలను. ఈ ఒక్క ముక్క మాత్రం నా భార్యకు కూడా చాలాకాలం చెప్పలేదు. అవతలి చేలో పనిచేసుకునేవాళ్లు కేకలేసుకుంటూ వచ్చి, వేపమండలు విరిచి గట్టు మీద మంటను బాది బాది ఆపారు. వాళ్లలో ఒక కుర్రాడే ఫైరింజనుకూ ఫోన్ చేశాడు. నేనూ ఒక మండ పట్టుకున్నాను. ‘మీరు ఇవతల ఉండండి సారూ’ అని దాన్ని నా చేతిలోంచి తీసుకున్నారు.

గౌడు సైకిలు మీద వచ్చాడు. మా నాన్న కాలం నుంచీ ఆ చెట్లు గీసేది ఆ ఇంటివాళ్లే. చెట్లున్నది నా గట్టు మీద, గీసుకునే హక్కు ఆయనది, దానికి ఎక్సైజ్ లైసెన్సు ఉంది. ఆ చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. అంటే నేను ‘నా ఆవరణ’ అని అంత ధీమాగా వాదించిన మూడెకరాల్లో నా ఒక్కడి ఇష్టానికి వదలని సంగతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆయన తిడతాడనుకున్నాను. చెట్ల కిందికి పోయి, ఒక్కో మొద్దు మీద అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. పైకి చూసి మొవ్వు ఎంతవరకు కాలిందో అంచనా కట్టాడు. తర్వాత నావైపు తిరిగి, ‘పొద్దుగూకినంక పెట్టుకోవాలె గని, మిట్టమధ్యాహ్నం గాలిల ఎవరన్న పెడ్తరా సారూ? ఒక్క మాట జెప్తే కింది కమ్మలన్న గొట్టుకుందును గద’ అన్నాడు. ఇంతే. ఒక్క మాట. ఆయన ఫోన్ నంబరు నా ఫోన్‌లో ఉంది, ఎండాకాలం కల్లు కోసం నేనే ఎక్కించుకున్నాను.

అయిదింటి బస్సు పోయింది. ఆ రాత్రి ఊళ్లో బంధువులింట పడుకుని ఫోన్లో భారతీయ న్యాయ సంహిత తెరిచాను. 2024 జులై నుంచి పాత ఐపీసీ బదులు అదే అమల్లో ఉంది. 287వ సెక్షను, నిప్పుతో నిర్లక్ష్యంగా వ్యవహరించడం: ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. 280వ సెక్షను, గాలిని జనం ఆరోగ్యానికి హాని కలిగేలా చెడగొట్టడం: 1,000 దాకా జరిమానా. ఇవి చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అంతలో నిప్పుతో ఒకరి ఆస్తికి నష్టం చేయడమనే సెక్షను కనిపించింది. దానికి ఏడేళ్ల దాకా శిక్ష. పాత ఐపీసీలో ఇదే 435. మామూలు ఆస్తికి వంద రూపాయల నష్టమైతే చాలునన్నది 1860లో రాసిన మాట, పంటకైతే పది రూపాయలే చాలునన్నది 1882లో చేర్చిన మాట. నష్టం చేయాలనిగాని, జరగవచ్చని తెలిసిగాని చేసి ఉండాలని అందులో ఉంది. ‘జరగవచ్చని తెలిసి’ దగ్గర నా కళ్లు ఆగాయి. ఫ్లాష్ పాయింట్ పాఠం చెప్పినవాడు తెలియదని ఏ కోర్టులో అంటాడు?

గౌడు కేసు పెట్టలేదు. ఎవరూ ఫొటో తీయలేదు, ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు. గుప్పెడు ఆకులు కాల్చినామెకు కూలి కోత పడింది. మూడెకరాలూ ఏడు చెట్లూ కాల్చిన నాకు ఒక్క రూపాయి జరిమానా పడలేదు. పైగా మర్నాడు హోటల్లో ‘పాపం సారుకు మీసం గాలింది’ అని నాకే చాయ్ ఇప్పించారు.

హైదరాబాదు వచ్చాక ఊరుకోలేక లెక్క వేశాను, పాత అలవాటు. ఎకరాకు 2 టన్నుల చొప్పున 6 టన్నుల గడ్డి. టన్నులో అయిదున్నర కిలోల నత్రజని అనుకుంటే 33 కిలోలు. మంటలో 80 నుంచి 90 శాతం గాలిలో కలిసిపోతుంది. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే ఆ మధ్యాహ్నం నేను కాల్చింది 45 కిలోల యూరియా బస్తా ఒకటి, పైన పదిహేను కిలోలు. పొటాష్ చాలావరకు బూడిదలోనే ఉంటుంది కదా అని సమాధానపడబోయాను. ఆ బూడిదను పడమటి గాలి అప్పుడే పక్క చేలకు పంచేసింది. బస్తా ధర సబ్సిడీ మీద 266 రూపాయల 50 పైసలే, పెద్ద నష్టంలా కనిపించదు. కానీ ఆ వానకాలం తెలంగాణలో యూరియాకు ఎంత కటకటైందో తెలిసిందే. గోదాముల ముందు తెల్లారకముందే చెప్పులూ పాసుపుస్తకాల జిరాక్సులూ వరసపెట్టి జనం కాచుకున్నారు. ఆ వరసలో నా చెప్పులు కూడా ఉన్నాయి. నా వెనక నిలబడ్డాయన కాస్త వేళాకోళం మనిషి. ‘సారూ, మీ మందు మీరే ముందుగాల కాలబెట్టుకుంటిరి, ఇప్పుడు లైన్ల నిలవడితిరి’ అన్నాడు. లెక్క ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. రైతువేదికలో ఆ రోజు నాకంటే శ్రద్ధగా విన్నవాళ్లు ఉన్నారన్నమాట.

వానలు పడ్డాక నాలుగు చెట్లు కొత్త మట్టలు వేశాయి. తాటిచెట్టుకు మొవ్వు కాలకపోతే బతుకుతుంది, మొద్దు నల్లబడ్డా ఫరవాలేదు. మూడు మాత్రం ఎండిపోయాయి. పెద్దమనుషుల ముందు కూర్చున్నాం. ఆ ఏడాది పోయిన కల్లుకూ, పగిలిన లొట్లకూ, కాలిపోయిన మోకుకూ డబ్బు అక్కడికక్కడే ఇచ్చేశాను. ఎండిన మూడు చెట్ల దగ్గర పేచీ వచ్చింది. చెట్టుకింత అని కట్టి వదిలించుకుందామని నేను. చెట్టుకు ధర ఉండదు, పారినన్నాళ్లూ పారుతుందని గౌడు. చివరికి, అవి ఉన్న చోట కొత్త టెంకలు పాతాలనీ, అవి గీతకు వచ్చేదాకా మూడు చెట్ల కల్లు డబ్బు ఏటా ఎండాకాలంలో నేను ఇవ్వాలనీ కాగితం రాశారు. టెంకలు ఇద్దరం కలిసే పాతాం. తాటి మొక్క గీతకు రావాలంటే పదిహేనేళ్లన్నా పడుతుంది. గౌడు నా వయసు అడిగాడు, వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు, కాగితం కింద మా అబ్బాయి చేత కూడా సంతకం పెట్టించుకున్నాడు.